చాలని మాట

"సాకు, సాకు" అంది నాగవ్వ, ఒడిలో పెట్టిన గొర్రెపిల్లకు రెండు చేతులూ అడ్డం పెట్టి.

"సాకుతదట!" అని మురిసిపోయాడు అనంతయ్య.

పక్కనే ఉన్న ఆయన బావమరిది బిచ్చయ్య మాత్రం గడ్డం గోక్కున్నాడు. "బావా, నోరేమో సాకుత అంటున్నది, చెయ్యేమో వద్దంటున్నది. గిదేం లెక్క?"

"ఏముంది? ఒక్కటి వద్దు, జర ఎక్కువుంటే సాకుత అన్నట్టు. పెద్దింటి మనిషి, నోరు తెరిచి అడుగుతదా? పో, ఇంకోటి పట్కరా."

బిచ్చయ్య వెనక దొడ్డిలోకి పోయి రెండో గొర్రెపిల్లను తెచ్చి నాగవ్వ ముందు దించాడు. నాగవ్వ ఇంకాస్త గట్టిగా "సాకు!" అంది. మూడోది వచ్చింది.

ఇక్కడొక ముక్క పాఠకుల చెవిలో వేయక తప్పదు, ఎందుకంటే అనంతయ్య చెవిలో వేసేవాళ్లు ఆ ఘడియకు పందిట్లో లేరు. కన్నడంలో 'సాకు' అంటే చాలు. తెలుగులో సాకడం అంటే పెంచడం. ఆవిడ చాలంటున్నకొద్దీ ఈయన పెంచుతున్నాడు.

నిజానికి ఆ పొద్దున అనంతయ్య వేసుకున్న పథకంలో గొర్రెపిల్ల ఒక్కటే. ఆయనకు వికారాబాదులో గొంగళ్ల దుకాణం ఉంది, ఇంటి వెనక తాతలనాటి మంద ఉంది, ఇంట్లో పెళ్లీడుకొచ్చిన మనోరమ ఉంది. ఆ రోజు మనోరమ నిశ్చితార్థం. సేడం దగ్గరి పల్లె నుంచి పెళ్లికొడుకు తల్లిదండ్రులు నాగవ్వ, మల్లప్ప పొద్దుటి రైల్లో వస్తారు. చీర, గాజులు, గొంగడి పెడతారు. చివర్న ఒక ఆడ గొర్రెపిల్లను అత్తగారి ఒడిలో ఉంచుతారు. ఆవిడ దాన్ని నిమిరి "సాకుత" అనాలి. 'మీ బిడ్డనూ ఇలాగే చూసుకుంటాను' అని దానర్థం. అనంతయ్య ఇంటి ఆనవాయితీ అది. ఆపైన తాంబూలం తట్టలు మార్చుకుంటే సంబంధం ఖాయం. తర్వాత భోజనం. తర్వాత కునుకు. కునుకు కూడా పథకంలో ఉంది.

హైదరాబాదు రాష్ట్రాన్ని ముక్కలు చేసి పంచిన మరుసటి ఎండాకాలం అది. తాండూరు ఇటుండిపోయింది, దాని పక్కనే ఉన్న సేడం మైసూరు రాష్ట్రంలోకి పోయింది. పటం మీద గీత గీసినవాళ్లు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లను అడగలేదు కాబట్టి, సంబంధాలు మాత్రం ఎప్పటిలాగే రైలెక్కి ఆ గీత దాటుతూనే ఉన్నాయి. చిక్కల్లా మాటతోనే. వచ్చినవాళ్లకు తెలుగు రాదు, ఇంటివాళ్లకు కన్నడం రాదు. అనంతయ్యకు నిజాం కాలం నాటి ఉర్దూ ఉంది గాని, అది కచేరీలో వంగి సలాము చేసేంత మేరకే. మల్లప్ప ఉర్దూ ఇంకా పొదుపైనది: "అచ్ఛా." సంతోషం ఎక్కువైతే "బహుత్ అచ్ఛా."

ఈ గోడకు కిటికీ అనంతయ్య అక్క సంతోషమ్మ. ఆమెది తాండూరు, రెండు భాషలూ వచ్చు, సంబంధం కుదిర్చిందీ ఆమే. వియ్యంకులతో పాటు వచ్చి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేయాల్సిందీ ఆమే. తీరా తాండూరు స్టేషన్లో రైలెక్కాక, తమలపాకుల బుట్ట బెంచీ మీద మరిచానని దిగింది. బుట్ట దొరికింది, బండి దొరకలేదు. తర్వాతి బండి సాయంత్రానికి గాని లేదు.

"ఫికర్ లేదు" అన్నాడు అనంతయ్య. "శుభకార్యానికి బాసతోని ఏం పని? పెడితే తింటరు, నవ్వితే నవ్వుతరు."

ఇంట్లోనే ఇంకో కిటికీ ఉంది. దానికి గడియ పెట్టింది అనంతయ్యే.

మనోరమను ఐదో ఏట మేనత్త సంతోషమ్మ తనకు పిల్లల్లేరని తాండూరు తీసుకుపోయి సాకింది. (ఇది తెలుగు సాకడమే.) ఆ వాడలో వీళ్లకు ఎడమ ఇల్లు కన్నడం, కుడి ఇల్లు తెలుగు, ఎదురుగా బడి ఉర్దూ. పిల్ల ఎడమపక్క ఆడి, కుడిపక్క తిని, ఎదురుగా చదివింది. ఏ భాష ఎప్పుడు నేర్చుకుందో ఎవరూ కనిపెట్టలేదు. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేసరికి వాటి వెనక మూడు భాషలూ మొలిచి ఉన్నాయి.

దానివల్ల ఆ పిల్లకు ఒనగూడిన సంపద చూస్తే ఎవరి నోరైనా తెరుచుకోవాల్సిందే. రైల్లో ఒక్క టికెట్టుతో మూడు బెంచీల సంసారాలు వినేది. ఎడమ ఇంటి అవ్వ కన్నడంలో తిడితే, అదే తిట్టు తెలుగులోకి మార్చుకుని, అక్కడ అది మురిపెంలా వినిపిస్తే పడీపడీ నవ్వేది. ఒక భాషలో ఏడుపొస్తే ఇంకో భాషలోకి పోయి కూర్చునేది. అన్నింటికీ మించిన వింత ఇంకొకటుంది. మనలాంటివాళ్లకు మాట చెవిన పడగానే అర్థమైపోతుంది, అర్థం కాగానే కోపం వచ్చేస్తుంది. ఆ పిల్ల మాత్రం మాట వినపడగానే 'ఇదెవరింటి మాట?' అని ఒక్క క్షణం తలుపు తీసి చూస్తుంది. ఆ ఒక్క క్షణంలో ఎన్ని కొట్లాటలు పుట్టకుండానే పోతాయో!

అనంతయ్యకు ఇదేమీ గిట్టదు. పదహారేళ్లు వచ్చి బిడ్డ ఇంటికి తిరిగొచ్చిన మొదటి రాత్రే నిద్రలో కన్నడంలో పలవరించింది. సొంత బిడ్డ కల తనకు తెలియని భాషలో నడుస్తోంది! చెవి రిక్కించి విన్నాడు. అందులో ఆయనకు అర్థమైన ముక్క ఒక్కటే: "తెగి." బంధం తెగిందనే అంటోందని ఆయనకు తోచింది. ఆ సంగతి భార్య సుమిత్రమ్మకు కూడా చెప్పుకోలేదు. పైకి మాత్రం "కన్నోళ్లకు అడ్డమొస్తది గనుకనే అది కన్నడం" అని మాట విరిచి నలుగుర్నీ నవ్వించేవాడు. ఆ నలుగురిలో ఆయన లేడు.

నిశ్చితార్థం పొద్దున వియ్యంకులు సంతోషమ్మ లేకుండానే దిగేసరికి బిడ్డను పక్కకు పిలిచాడు. "బిడ్డా, తట్టలు మార్చుకునేదాంక వాళ్ల ముంగట నోరిప్పకు. వాళ్లు పిల్లను చూడనీకి వచ్చిన్రు, విననీకి కాదు."

"అత్త రాకపోతే మాట ఎట్ల కలుస్తది నాయినా?"

"నీకు రెండు నాలుకలున్నయని ఇయ్యాలనే తెలువాల్నా వాళ్లకు? ఒక నోరు, ఒక నాలుక. గదే ఇజ్జత్."

రెండు నాలుకలన్న మాట మనోరమకు ముల్లులా దిగింది. అయినా తలూపింది, ఎందుకంటే ఆ సంబంధం తప్పిపోవడం ఆమెకు ఇష్టం లేదు. పెళ్లికొడుకు జంగప్పను ఆమె తాండూరులో అత్త ఇంట్లో ఒక్కసారి చూసింది. అతను కన్నడంలో ఏదో అడిగితే కావాలని తెలుగులో జవాబిచ్చింది. అతను జంకకుండా వచ్చీరాని తెలుగులో ఇంకోటి అడిగాడు. తెలుగు మాటకు కన్నడం తోక తగిలించిన ఆ ప్రశ్న గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ నవ్వాగదు. ఏ మాటనూ గుమ్మం బయట చెప్పుల్లా విడిచిపెట్టక్కర్లేని ఇల్లు లోకంలో అతనిదొక్కటే అనిపించింది. అందుకని పెళ్లికొడుకు రాకూడదన్న వాళ్ల పద్ధతికీ, పెళ్లికూతురు మాట్లాడకూడదన్న నాన్న పద్ధతికీ తల వంచి, లోపలి గది తలుపు వెనక కూర్చుంది.

సరంజామాలో ఇంకొకటి మిగిలింది: మైకుసెట్టు. హైదరాబాదు నుంచి ఈమధ్యే వచ్చి దుకాణం పెట్టిన మెహబూబ్ భాయ్ పందిరి గుంజకు గంగాళమంత బాకా కట్టి, బ్యాటరీ పెట్టి, సన్నాయి రికార్డు వేశాడు. ఆయనకు తెలుగు ఇంకా రాలేదు, దారిలో ఉంది.

ఇక మళ్లీ గొర్రెల దగ్గరికి.

మూడో గొర్రెపిల్ల తర్వాత నాగవ్వ "సాక్రీ, సాకు!" అంది, మర్యాద కూడా కలిపి. అనంతయ్య మర్యాదకు పొంగి నాలుగోది తెప్పించాడు. నాగవ్వ ఇంట్లో గొర్రెలు మామగారితోనే పోయాయి. ఇప్పుడు వాళ్లు కంది పండిస్తారు, దొడ్డి ఉన్నచోట గాదె కట్టుకున్నారు. చుట్టూ మే మే అంటున్న నాలుగు నోళ్లను చూసి ఆవిడ భర్త వైపు తిరిగి, కన్నడంలో పళ్లు బిగబట్టి అడిగింది: "వీళ్లు మనకు కోడల్నిస్తున్నారా, మనల్ని కాపరులుగా పెట్టుకుంటున్నారా?"

మల్లప్ప జవాబు చెప్పేలోపే అనంతయ్య ఆయన వైపు చూసి చేయి చాపి నవ్వాడు. "ఇంకోటి తెమ్మంటరా బావగారూ?"

ఎదుటివాడు నవ్వితే మల్లప్పకు తెలిసిన మర్యాద ఒక్కటే. "అచ్ఛా" అన్నాడు. భార్య చూపు తగిలి నాలుక కరుచుకున్నాడు గాని, అప్పటికే ఐదోది బయల్దేరింది.

అనంతయ్య నవ్వు కూడా గొర్రె గొర్రెకూ పలచబడుతోంది. భార్య చెవిలో గొణిగాడు. "ఏందే సుమిత్రా, గీ వదినెకు మంద మొత్తం గావాల్నా? ఎన్నిచ్చినా సాకుతనే అంటున్నది!"

"నువ్వే గద తెమ్మన్నవు?"

"అడిగితే లేదంటనా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఐదోది కాళ్ల మధ్య దూరేసరికి నాగవ్వ లేచి నిలబడింది. "బ్యాడ! బ్యాడ!" అంది, వేలు ఊపుతూ.

కన్నడంలో ఆ మాటకు అర్థం 'వద్దు'. సన్నాయి మోతలో అది బిచ్చయ్య చెవికి చేరేసరికి బేడ అయింది. బేడంటే రెండణాల బిళ్ల.

"బావో!" అని కేక పెట్టాడు బిచ్చయ్య. "బేడ అంటున్నదే! గొర్రెకు బేడనట!"

అనంతయ్య మొహం గొంగడి రంగుకు తిరిగింది. "ఉత్తగ ఇస్తుంటే బేరం జేస్తదా? అదీ బేడకు! నా గొర్రె బేడ జేస్తదా?"

ఊరికే ఇచ్చే వస్తువుకు బేరమాడినవాళ్లు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు. ఆ ఆలోచన రావాల్సిన మనిషికి రాలేదు, కోపం ముందొచ్చి దారికడ్డం కూర్చుంది.

తలుపు వెనక మనోరమ అవస్థ చెప్పనలవి కాదు. అందరి మాటా ఆమెకు అర్థమవుతోంది, ఒకరి మాట ఒకరికి ఎలా అర్థమవుతోందో అదీ అర్థమవుతోంది. మొదటి సాకుకు నవ్వుకుంది. మూడో సాకుకు దగ్గింది. సుమిత్రమ్మ వచ్చి మంచినీళ్లిచ్చి పోయింది. నాలుగో దానికి గాజులు గలగలలాడించింది. సుమిత్రమ్మ వచ్చి "గాజులు సప్పుడు జెయ్యకు, తొందరపడుతున్నదనుకుంటరు" అని చెప్పి పోయింది. బేడ దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేక తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఆమె బేరం జేస్తలేదు, వద్దంటున్నది. సాకు అంటే చాలు అని! నువ్వన్న పోయి నాయినకు చెప్పు. చాలంటున్నదని చెప్పు!"

సుమిత్రమ్మ గుమ్మంలోకి పరుగెత్తింది. సన్నాయి హోరులో భర్తకు వినపడాలని గొంతు పూర్తిగా విప్పింది. "ఇగో, ఇంటున్నవా? చాలంట! చాలు! చాలు!"

అనంతయ్యకు వినపడలేదు. వినపడింది మెహబూబ్ భాయ్‌కి. ఉర్దూలో 'చాలూ' అంటే నడుస్తోంది, మొదలైంది అని. ఇంటావిడే గుమ్మంలోకి వచ్చి అడుగుతోంది కదా అని సంబరపడిపోయాడు. "హా బాయీ, చాలూ హై! ఔర్ జోర్ సే? అచ్ఛా!" అని మర తిప్పాడు.

బాకా గర్జించింది. పందిరి ఆకులు రాలాయి. ఐదు గొర్రెపిల్లలూ ఐదు దిక్కులకు పారిపోబోయి, దిక్కులు నాలుగే కావడంతో తాంబూలం తట్టల మీద పడ్డాయి. భయంలోనూ ఆకలి మరవని జీవాలవి. తట్టలు మార్చుకోవాల్సినవాళ్లు చూస్తుండగానే తాంబూలం గొర్రెలు పుచ్చుకున్నాయి.

"చాలు భాయ్, చాలు!" అని అరిచాడు అనంతయ్య, బాకా వైపు చేతులూపుతూ.

"చాలూ హై సాబ్!"

"అరే, చాలంటుంటే!"

"మై భీ వహీ బోల్రూ సాబ్! చాలూ హై!"

ఇద్దరి మధ్యా రవ్వంత అభిప్రాయభేదం లేదు. ఇద్దరిదీ ఒకటే మాట. అందుకే గొడవ తెగలేదు. ఇంటాయన ఇంకా తృప్తి పడలేదనుకున్న మెహబూబ్ భాయ్ మరను చివరిదాకా తిప్పేశాడు.

నాగవ్వకు ఇక ఓపిక లేదు. చీర, గాజులు, గొంగడి అరుగు మీద పెట్టేసి, తన మూట తీసుకుంది. రైలు సాయంత్రానికి గాని లేదు గాని, తాండూరు పోయే సర్కారు బస్సు ఇంటి ముందునుంచే పోతుంది. బస్సు వస్తే ఎక్కిపోదామని మొగుణ్ని లాక్కుని పందిరి అంచున నిలబడింది. మల్లప్ప మొహంలో "అచ్ఛా" కూడా మిగల్లేదు.

అప్పుడే ఒక గొర్రెపిల్ల మెహబూబ్ భాయ్ బ్యాటరీ తీగలో కాలు ఇరికించుకుంది. ఇంకొకటి రికార్డుల అట్టలు నమలడం మొదలుపెట్టింది. కడుపుకోతను మించిన కోత అది. ఆయన గుండెలు బాదుకుంటూ గొర్రెతో మొరపెట్టుకున్నాడు. "బస్! అరే బస్! బస్ కరో!"

ఉర్దూలో బస్ అంటే చాలు. కాని బస్సు కోసమే కళ్లూ చెవులూ రోడ్డుకప్పగించి నిలబడ్డవాళ్లకు ఆ మాట ఇంకెలా వినపడుతుంది? నాగవ్వ, మల్లప్ప మూటలు చంకన పెట్టుకుని ఒకే ఉరుకున రోడ్డెక్కారు. వాళ్లను చూసి, బస్సొచ్చిందంటే ఎక్కకుండా ఉండలేని చుట్టాలు నలుగురు, తాము పోవాల్సిన ఊరు అదేనో కాదో చూసుకోకుండా వెంట ఉరికారు.

రోడ్డు మీద బస్సు లేదు. ఎండ ఉంది.

నాగవ్వ ఎండలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కాపరుల్ని చేసింది చాలక, లేని బస్సు చూపించి తరిమేశారు! పందిట్లోంచి అనంతయ్య చేయెత్తాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పోనీ! పోతే పోనీ! గీ సంబంధం నాకు..." 

మాట పూర్తయితే నిశ్చితార్థం ముక్కలయ్యేది. లోపలి గది తలుపు బద్దలైనంత చప్పుడుతో తెరుచుకుంది.

మనోరమ గుమ్మం దిగి సూటిగా మైకు దగ్గరికి నడిచింది. "మెహబూబ్ భాయ్, బంద్ కరో." సన్నాయి ఆగిపోయింది. అంతసేపూ ఆ మోత ఎంతుందో ఆగాక గాని ఊరికి తెలియలేదు. వంగి గొర్రె కాలు తీగలోంచి విడిపించి, నేరుగా రోడ్డు మీదికి పోయి నాగవ్వ చేతిలోని మూట అందుకుంది. "అత్తమ్మా, వాళ్లు మిమ్మల్ని అవమానించలేదు. మీరు చాలన్నారు, వాళ్లకది పెంచుతానన్నట్టు వినపడింది" అని కన్నడంలో చెప్పింది. అది పుస్తకాల కన్నడం కాదు, తాండూరు ఎడమ ఇంటి కన్నడం, వేడి జొన్నరొట్టె మీద వెన్నలాంటిది.

నాగవ్వ నోట్లోంచి కొంగు జారిపోయింది.

మనోరమ ఆవిడ చేయి పట్టుకుని పందిట్లోకి తీసుకొచ్చి తండ్రి ముందు నిలబడింది. "నాయినా, మొదటి గొర్రెపిల్లకే అత్తమ్మ చాలన్నది. కన్నడంల సాకు అంటే చాలు."

"మరి బేడ?"

"బ్యాడ అంటే వద్దు."

ఆరో గొర్రెపిల్లను చంకనేసుకుని దొడ్డిలోంచి వస్తున్న బిచ్చయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. "వద్దా? మరి దీన్నేం జెయ్యాలె?"

"దించు మామా."

అనంతయ్య మైకు వైపు వేలు చూపించాడు. "సరే, వాళ్లంటే అవతలోళ్లు. గీయనకు నేను చాలు చాలు అని మొత్తుకుంటుంటే..."

"ఆయన బాసల చాలూ అంటే నడుస్తున్నది అని. 'పని చాలు జేసినం' అని మనం రోజూ అంటలేమా? గదే ఇది."

పందిరంతా ఒకరి మొహాలొకరు చూసుకుంది. పొద్దున్నే పొయ్యి చాలు చేసి, దుకాణం చాలు చేసి వచ్చిన మనుషులే అందరూ. తమ నోట్లోనే ఆ మాట రెండు కాపురాలు చేస్తోందని ఇన్నేళ్లూ ఒక్కరికీ తట్టలేదు.

"మరి బస్సు ఏదే?" అంది చుట్టాల్లో ఒకావిడ, ఇంకా మూట దించకుండా.

"భాయ్ బస్ అన్నది గొర్రెను. ఇగ చాలు, నమలకు అని." మనోరమకు నవ్వొచ్చేస్తోంది. "అందరిదీ ఒక్కటే మాట నాయినా. అత్తమ్మ చాలన్నది, అమ్మ చాలన్నది, భాయ్ చాలన్నడు. మూడు బాసలల్ల చాలంటే ఒక్కటి గూడ ఆగలే!"

అదే మాట నాగవ్వ వైపు తిరిగి కన్నడంలో చెప్పింది, మెహబూబ్ భాయ్ వైపు తిరిగి ఉర్దూలో చెప్పింది. ప్రతి భాషలోనూ ఆమె మొహం కొంచెం వేరు, చేయి తిప్పడం వేరు, నవ్వు విచ్చుకునే చోటు వేరు. మనిషి ఒక్కతే. ముందు వికారాబాదు నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే నాగవ్వ కళ్లు తుడుచుకుంటూ మొదలుపెట్టింది, మల్లప్ప పొట్ట పట్టుకున్నాడు. అది తగ్గేలోపే మెహబూబ్ భాయ్ రికార్డుల పెట్టె మీద వాలిపోయాడు. మూడు వైపులనుంచి మూడు నవ్వులు వచ్చి కలిసినచోట ఆ పిల్ల నిలబడి ఉంది. అనంతయ్య తన బిడ్డను మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఊరంతా ఒక్కో గదిలో కాపురముంటుంటే, ఈ పిల్ల ఎప్పటినుంచో ఇల్లంతా తిరుగుతోంది!

"బిడ్డా, మరి కన్నడపోళ్లు సాకుడును ఏమంటరు?" అని అడిగాడు మెల్లగా.

"దాన్ని గూడ సాకు అనే అంటరు నాయినా."

"అంటే నేను తప్పు విన్లేదు గద!"

"తప్పేం విన్లే నాయినా. సగం విన్నవు."

అనంతయ్య తల రుమాలు తీసి మళ్లీ చుట్టుకున్నాడు. చుట్టుకున్నదే ఇంకోసారి చుట్టుకున్నాడు. తర్వాత బిడ్డను పందిరి గుంజ పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "ఇంకొక మాట ఉన్నది. తాండూరు నుంచి వచ్చిన నాడు నిద్రల కలవరించినవు. 'అప్పా, బాగిలు తెగి' అని. తెగిపోయింది అంటున్నవనుకున్న. గదేంది బిడ్డా?"

మనోరమ నవ్వు ఆగిపోయింది. ఆ మాటను ఇన్నేళ్లు ఈయన ఒక్క అక్షరం పోకుండా దాచుకున్నాడా? అర్థం తెలియని భాషలో!

"అప్ప అంటే నాయిన" అంది. "బాగిలు తెగి అంటే తలుపు తియ్యి అని. 'నాయినా, తలుపు తియ్యి.'"

అనంతయ్య గొంగడి చెంగుతో మొహం తుడుచుకున్నాడు. ఎండాకాలంలో గొంగడి కప్పుకోవడం ఎందుకని భార్య పొద్దున్నుంచీ అడుగుతూనే ఉంది, ఇప్పుడు అక్కరకొచ్చింది. తర్వాత అన్నాడు. "నీకు రెండు నాలుకలని అన్న పొద్దుగాల."

"ఒక్కటే నాయినా" అని పెళ్లికూతురు అందరి ముందూ నాలుక చాపి చూపించింది.

నాగవ్వ అది చూసి ఫక్కుమంది. వెళ్లి తన చోట కూర్చుంది. మొదట వచ్చిన గొర్రెపిల్ల ఏదో గుర్తుపట్టి, దాన్ని ఒడిలోకి తీసుకుని నిమిరింది. మనోరమ చేయి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మిగతా గొర్రెల్ని చేత్తో అవతలికి తోసేసి, ఈ పిల్ల భుజం మీద చేయి వేసి, అందరూ వినేలా అంది: "ఈకి ఒబ్బాకి సాకు."

పందిట్లోని తలలన్నీ ఒక్కసారిగా మనోరమ వైపు తిరిగాయి, ఏమందో చెప్పమని. మనోరమ తల వంచుకుంది. చెవులదాకా ఎరుపెక్కింది. మూడు భాషలు వచ్చిన పిల్లకు ఆ ఒక్క క్షణంలో ఏ భాషా రాలేదు.

"నేను చెప్త, నేను చెప్త!" అని అనంతయ్య ముందుకు దూకాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కన్నడం చెవిన పడితే సంతోషపడింది అదే మొదలు. "ఈ పిల్ల ఒక్కతే సాకు అంటున్నది! అంటే గొర్రెలు గిర్రెలు ఏమొద్దు, నా బిడ్డ ఒక్కతే చాలట! ఇంటున్నవా బిచ్చయ్యా? చాలట!"

మల్లప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, సరైన చోటే అన్నాడు. "బహుత్ అచ్ఛా!"

తట్టల్లో తమలపాకు ఒక్కటి మిగల్లేదు. మార్చుకోవడానికి ఆకులు సాయంత్రం బండికి సంతోషమ్మ బుట్టలో వస్తున్నాయి. అందాకా ఎవరూ ఎక్కడికీ పోయే పని లేదని, అనంతయ్య బిడ్డ తల మీద చేయి పెట్టి ఇంకోసారి, వీధి చివరిదాకా వినపడేలా, "చాలు!" అన్నాడు.

మెహబూబ్ భాయ్ మర తిప్పాడు. సన్నాయి మొదలైంది.

ఈసారి ఎవరూ బస్ అనలేదు.